భయపెట్టే రేపటి కథలు.. మన పిల్లలకెందుకు?

ఊళ్లో పిల్లలు ఇప్పుడు రాజు గారి ఏడు చేపల కథ అడగడం లేదు. గోడల వెనక బతికే జనం, పేరుకు బదులు నంబరు, ఎండిపోయిన నదులు.. ఇలాంటి కథలు చదువుతున్నారు, సినిమాల్లో చూస్తున్నారు. పిల్లలకు ఈ భయం ఎందుకు? సౌదీ క్యాంపులో ఉన్న తండ్రికి ఈ కథలతో ఏం పని? ఈ వారం ప్రత్యేక కథనం.

'కల్కి 2898 ఏడీ' సినిమా చూడని వాళ్లు మన క్యాంపుల్లో తక్కువే. 2024 జూన్ 27న విడుదలైన ఈ సినిమాను కొందరు ప్రభాస్ కోసం చూశారు, కొందరు అశ్వత్థామ వేషంలో ఉన్న అమితాబ్ కోసం చూశారు. ఫైట్లు పక్కనపెట్టి అసలు కథను ఒక్కసారి గుర్తు చేసుకోండి. గంగ ఎండిపోయింది. భూమ్మీద మిగిలిన చివరి పట్నం కాశీ. దాని మీద ఆకాశంలో తలకిందులుగా వేలాడే కాంప్లెక్స్. నీళ్లు, చెట్లు, పండ్లు అన్నీ అందులోనే. కింద దుమ్ములో ఉన్నవాడు పైకి పోవాలంటే పది లక్షల యూనిట్లు కట్టాలి. దీపికా పదుకొణె పాత్రకు మొదట్లో పేరు కూడా లేదు. సమ్-80 అని ఒక నంబరు. సుమతి అనే పేరు ఆమెకు తర్వాత వస్తుంది.

యూనిట్లు కూడబెట్టి కాంప్లెక్సులోకి పోవాలనుకునే మనిషి బాధ ఏమిటో మనకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. వీసా కోసం అప్పు చేసినవాళ్లం. ఇకామా నంబరు నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్లం. మనకు తెలిసిన సంగతే కాబట్టి కాసేపు చూసి నవ్వుకుని పడుకున్నాం. కానీ అదే సినిమాను జగిత్యాలలోనో, రాయచోటిలోనో, అమలాపురంలోనో మన పిల్లలు కూడా చూశారు. వాళ్ల మనసులో ఏం మెదిలిందో ఎవరైనా అడిగామా?

బ్రహ్మంగారి నుంచి ఆదిత్య దాకా

రాబోయే కాలం చాలా చెడ్డగా ఉంటుందని ఊహించి రాసే కథలను ఇంగ్లీషులో 'డిస్టోపియా' కథలు అంటారు. 1516లో థామస్ మోర్ అనే ఇంగ్లండు రచయిత అన్నీ సవ్యంగా ఉండే ఒక దీవిని ఊహించి దానికి 'యుటోపియా' అని పేరు పెట్టాడు. మన భాషలో రామరాజ్యం అనుకోవచ్చు. దానికి తిరగేసినది డిస్టోపియా.

ఇది మనకు కొత్త సరుకు కాదు. చెడ్డకాలం గురించి చెప్పడంలో తెలుగువాళ్ల కంటే ముందున్నవాళ్లు తక్కువ. కడప జిల్లా కందిమల్లాయపల్లెలో సమాధి అయిన పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానం వినకుండా పెరిగిన తెలుగు పిల్లవాడు ఉన్నాడా? 1984లో ఎన్టీఆర్ తీసిన వీరబ్రహ్మేంద్రస్వామి చరిత్ర సినిమా చూసి భయపడి దుప్పటి కప్పుకున్నవాళ్లు ఇప్పుడు నలభైలు, యాభైలు దాటారు. ఈ రోజుకీ వరద వచ్చినా, రోగం వచ్చినా 'బ్రహ్మంగారు ఆనాడే చెప్పారు' అనేస్తాం.

అయితే కాలజ్ఞానానికీ ఈ కొత్త కథలకూ ఒక పెద్ద తేడా ఉంది. కాలజ్ఞానం 'ఇది జరుగుతుంది' అంటుంది. అందులో మనం చేయగలిగింది లేదు. ఈ కథలు మాత్రం 'ఇలాగే వదిలేస్తే ఇది జరగొచ్చు' అంటాయి. బ్రహ్మంగారి మాట నిజమైతే ఆయన గెలిచినట్టు. ఈ రచయితలు చెప్పింది నిజం కాకపోతేనే వాళ్లు గెలిచినట్టు. పిల్లలకు ఈ తేడా తెలియడం చాలా అవసరం.

తెరమీద ఇలాంటి కథను తెలుగు పిల్లలకు ముందుగా పరిచయం చేసినవారు సింగీతం శ్రీనివాసరావు. 1991 జూలైలో వచ్చిన 'ఆదిత్య 369'లో బాలకృష్ణ కాలయంత్రం ఎక్కి 1526లో శ్రీకృష్ణదేవరాయల కొలువుకు పోతాడు. అందరికీ అదే గుర్తు. కానీ అదే యంత్రం 2504కు కూడా పోతుంది. అక్కడ ప్రపంచయుద్ధం జరిగిపోయి, గాలి నిండా అణుధూళి నిండిపోయి, మనుషులు భూమి కింద బతుకుతుంటారు. 2025 ఏప్రిల్‌లో ఈ సినిమా మళ్లీ థియేటర్లకు వచ్చింది. అప్పట్లో పిల్లలుగా చూసినవాళ్లు ఈసారి తమ పిల్లలను వెంటబెట్టుకుని చూసే అవకాశం వచ్చింది.

సింగీతం గారికి ఈ ఆలోచన ఇచ్చింది హెచ్.జి.వెల్స్ 1895లో రాసిన 'టైమ్ మెషీన్' నవల. అందులో లక్షల ఏళ్ల తర్వాత మనుషులు రెండు జాతులుగా విడిపోయి ఉంటారు. పైన ఎండలో ఆడుకునే సుకుమారులు. కింద చీకట్లో యంత్రాలు తిప్పేవాళ్లు. కింద ఉన్నవాళ్లు ఎవరు? ఒకప్పటి కార్మికుల సంతానమే అయి ఉంటారని కథానాయకుడు అనుకుంటాడు. అంటే నూట ముప్పై ఏళ్ల కిందటే ఈ కథల్లో ఉన్నది మన సంగతే.

పన్నెండేళ్లకే పని పంచే ఊరు

ఇప్పుడు ఇంగ్లీషు మీడియం బడుల్లో చదివే పిల్లల చేతుల్లో కనబడే రెండు పుస్తకాల గురించి చెప్పుకుందాం. మొదటిది 'ది గివర్'. అమెరికా రచయిత్రి లోయిస్ లోరీ 1993లో రాశారు. మరుసటి ఏడాది అక్కడి పిల్లల పుస్తకాలకిచ్చే పెద్ద బహుమతి న్యూబెరీ మెడల్ వచ్చింది. 2014లో సినిమాగా కూడా తీశారు.

కథ ఇదీ. ఒక ఊరు. అక్కడ ఆకలి లేదు, కొట్లాట లేదు, బాధ లేదు. రంగులు కూడా లేవు. పాత సంగతులు ఎవరికీ జ్ఞాపకం లేవు. పిల్లలకు పన్నెండేళ్లు రాగానే సభ పెట్టి, నువ్వు ఫలానా పని చేయాలని పెద్దలు చెప్పేస్తారు. నాకు వద్దు అనడానికి లేదు. జోనస్ అనే పిల్లవాడికి మాత్రం ఒక వింత పని పడుతుంది. ఊరంతా మరిచిపోయిన జ్ఞాపకాలను ఒక ముసలాయన దగ్గర అందుకుని తన మనసులో దాచుకోవడం. మంచు, ఎండ, యుద్ధం, ప్రేమ.. ఒక్కొక్కటే తెలుస్తుంటే ఆ పిల్లవాడు మునుపటిలా ఉండలేకపోతాడు.

ఆ ఊళ్లో ఎవరినైనా 'వేరేచోటికి' పంపేశాం అంటే అర్థం ఏమిటో పిల్లలకు తెలియదు. జోనస్ తండ్రి పసిపిల్లలను చూసుకునే పని చేస్తాడు. చాలా మంచివాడు. ఒకరోజు ఒక పసికందును 'వేరేచోటికి' పంపేశామని తేలిగ్గా చెబుతాడు. నిజంగా ఏం చేశాడో జోనస్ రికార్డు చేసిన బొమ్మలో చూస్తాడు. సూది వేసి చంపేశాడు. ఆ ఊరి చట్టం కంటే తండ్రి చెప్పిన అబద్ధమే ఆ పిల్లవాడిని ఎక్కువగా విరిచేస్తుంది. అక్కడినుంచి ఇంకో పసివాణ్ణి కాపాడటానికి, వాణ్ణి ఎత్తుకుని రాత్రికి రాత్రి ఊరు దాటుతాడు.

నిజామాబాద్, కరీంనగర్ వైపు కొన్ని ఊళ్లలో ఈ కథ చదివిన పిల్లవాడికి ఆ సభ ఎక్కడో చూసినట్టే ఉంటుంది. తాత బొంబాయి పోయాడు, తండ్రి గల్ఫ్ పోయాడు, వీడు పది తప్పితే పాస్‌పోర్టు తీయించాలి అని ఇంట్లో మాటల మధ్యే తేల్చేస్తారు. సభ ఉండదు, పెద్దలు ఉండరు. నిర్ణయం మాత్రం అయిపోతుంది.

బొగ్గు గనుల పిల్ల

రెండోది 'ది హంగర్ గేమ్స్'. సుజాన్ కాలిన్స్ 2008లో మొదటి భాగం, 2009, 2010లో మిగతా రెండు భాగాలు రాశారు. 2012 నుంచి 2015 దాకా నాలుగు సినిమాలు వచ్చాయి.

ఒక దేశం. మధ్యలో భోగభాగ్యాలతో తులతూగే రాజధాని. చుట్టూ పన్నెండు జిల్లాలు. ఒక జిల్లా చేపలు పట్టాలి, ఒక జిల్లా బట్టలు నేయాలి, ఒక జిల్లా పంట పండించాలి. పన్నెండో జిల్లా బొగ్గు తవ్వాలి. పండించేది ఒకరు, తినేది ఇంకొకరు. ఒకప్పుడు తిరగబడ్డారని శిక్షగా ప్రతి ఏడాదీ జిల్లాకు ఒక అబ్బాయిని, ఒక అమ్మాయిని చీటీ తీసి రాజధానికి పంపాలి. పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు. మొత్తం ఇరవై నాలుగు మంది. ఒక్కరు మిగిలేదాకా ఒకరినొకరు చంపుకోవాలి. రాజధాని దాన్ని టీవీలో పండగలా చూస్తుంది.

కాట్నిస్ అనే పదహారేళ్ల పిల్ల తండ్రి గనిలో పేలుడుకు చనిపోయాడు. పన్నెండేళ్ల చెల్లెలి పేరు చీటీలో వస్తే, నేను పోతానని ఈమె ముందుకు వస్తుంది. అందులో ఒక రూలు చూడండి. ఇంట్లో గింజలు లేని పిల్లలు ఒక మనిషికి సరిపడే ధాన్యం, నూనె అదనంగా తీసుకోవచ్చు. కానీ అలా తీసుకున్నప్పుడల్లా చీటీల్లో వాళ్ల పేరు ఇంకొకసారి పడుతుంది. పేదవాడి పేరే ఎక్కువసార్లు పడుతుంది. పేరుకు మాత్రం అందరికీ ఒకటే లాటరీ. ఈ లెక్క సింగరేణి పిల్లలకూ అర్థమవుతుంది, అప్పు తెచ్చి ఏజెంటుకు కట్టినవాడికీ అర్థమవుతుంది.

ఆమె తండ్రి కూడా దూరదేశంలోనే

ఈ పుస్తకం రాసిన సుజాన్ కాలిన్స్ గురించి మన పాఠకులు తప్పక తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఆమె తండ్రి అమెరికా వైమానిక దళంలో పనిచేసేవారు. 1968లో, ఆమెకు ఆరేళ్లప్పుడు, ఆయనను వియత్నాం యుద్ధానికి పంపారు. ఏడాదిపాటు ఇంట్లో తండ్రి లేడు. ఆ ఏడాది గురించే ఆమె 2013లో చిన్నపిల్లల కోసం ఒక బొమ్మల పుస్తకం రాశారు. దాని పేరు 'ఇయర్ ఆఫ్ ద జంగిల్'.

అందులో చిన్న పాపకు తండ్రి దగ్గరనుంచి పోస్టుకార్డులు వస్తుంటాయి. నాన్న పోయింది అడవికట, ఏనుగులు, కోతులు ఉంటాయి కాబోలు అనుకుంటుంది. ఏడాది అంటే ఎంతకాలమో ఆ వయసుకు తెలియదు. కార్డులు రావడం తగ్గుతుంది. ఒకరోజు అనుకోకుండా టీవీలో యుద్ధం వార్తలు కంటబడతాయి. నాన్న ఉన్నది అక్కడేనని అప్పుడు తెలుస్తుంది. ఎవరూ నెమ్మదిగా కూర్చోబెట్టి చెప్పలేదు. టీవీ చెప్పింది.

ఆయన తిరిగి వచ్చాక మాత్రం పిల్లల దగ్గర యుద్ధం సంగతి దాచలేదు. ఆయన చరిత్ర కూడా బోధించినవారు. పాత యుద్ధాలు జరిగిన చోట్లకు పిల్లలను తీసుకెళ్లి, ఇక్కడ ఎందుకు కొట్టుకున్నారు, ఎవరు చనిపోయారు అని విడమరిచి చెప్పేవారు. తన పిల్లలకు ఈ సంగతులు తెలియాలి, అది తన బాధ్యత అనుకున్నారు. అలా పెరిగిన కూతురు పెద్దయ్యాక లక్షలమంది పిల్లలు చదివే పుస్తకం రాసింది.

మనం సైనికులం కాదు. కానీ ఏడాది, రెండేళ్లు కనబడకుండా పోయిన తండ్రులం. మన పిల్లల ఊహలో సౌదీ అంటే ఎత్తయిన మేడలు, ఖర్జూరాలు, చాక్లెట్ డబ్బాలు, సెంటు సీసాలు. డబుల్ డెక్కర్ మంచాల రూము, తెల్లవారుజామున మూడున్నరకు బాత్రూము దగ్గర లైను, బస్సులో గంట నిద్ర.. ఇవి మనం చెప్పం. బాధపడతారని దాస్తాం. ఎప్పుడో యూట్యూబులో ఎవరో పెట్టిన క్యాంపు వీడియో కంటబడితే, కాలిన్స్‌కు టీవీ చెప్పినట్టే, మన పిల్లలకు ఫోను చెబుతుంది.

రోబో అంటే వెట్టివాడు

'రోబో' అనగానే మన పిల్లలకు 2010లో వచ్చిన రజనీకాంత్ సినిమా గుర్తొస్తుంది. ఈ మాట ఎక్కడ పుట్టిందో తెలుసా? 1920లో కారెల్ చాపెక్ అనే చెక్ రచయిత రాసిన 'ఆర్.యు.ఆర్.' అనే నాటకంలో. మరుసటి ఏడాది జనవరిలో ప్రాగ్ నగరంలో ఆడారు. ఫ్యాక్టరీలో తయారైన కూలీలు, జీతం అడగరు, అలసట అనరు. వాళ్లకు ఏం పేరు పెట్టాలని రచయిత అడిగితే, చిత్రకారుడైన అన్న జోసెఫ్ సూచించిన మాట 'రోబోట్'. చెక్ భాషలో 'రొబోటా' అంటే దొర పొలంలో ఊరికే చేసిపెట్టాల్సిన పని. మన తెలంగాణ మాటలో చెప్పాలంటే వెట్టిచాకిరీ. నాటకంలో చివరికి ఆ కూలీలు తిరగబడతారు.

2017 అక్టోబరులో రియాద్‌లో పెట్టుబడుల సదస్సు జరిగినప్పుడు, హాంకాంగ్ కంపెనీ తయారుచేసిన సోఫియా అనే రోబోకు సౌదీ పౌరసత్వం ఇస్తున్నట్టు ప్రకటించారు. ఇక్కడ ఏళ్ల తరబడి పనిచేస్తున్న విదేశీ కార్మికుల సంగతేమిటని అప్పుడు చాలా దేశాల పత్రికలు ప్రశ్న వేశాయి. ఏ డిస్టోపియా రచయితా ఇంతకంటే వింత సన్నివేశం రాయలేడు. మీ పిల్లవాడు రోబో బొమ్మ అడిగినప్పుడు ఈ రెండు సంగతులూ చెప్పి చూడండి. వాడు ఎన్ని ప్రశ్నలు వేస్తాడో!

ఈ గడ్డ మీద ఏం చదువుతున్నారు?

మీ క్యాంపులో ఈజిప్టు వాళ్లుంటే 'అహ్మద్ ఖాలెద్ తౌఫీక్' పేరు చెప్పి చూడండి. వాళ్ల ముఖం వెలుగుతుంది. వృత్తికి డాక్టరు, టాంటా విశ్వవిద్యాలయంలో బోధించేవారు. 1993 నుంచి జేబులో పట్టే చిన్న పుస్తకాలుగా దెయ్యాల కథలు, సాహసాలు రాసి అరబ్బు కుర్రకారుకు చదివే అలవాటు నేర్పారు. మన మధుబాబు షాడో పుస్తకాలకు ఎగబడిన రోజులు గుర్తు తెచ్చుకుంటే ఆ ఊపు అర్థమవుతుంది. 2018 ఏప్రిల్ 2న చనిపోయారు. యువకుల చేత చదివించిన మనిషి అని గుర్తుంటే చాలు అనుకున్నారాయన.

ఆయన 2008లో రాసిన నవల పేరే 'యుటోపియా'. కథాకాలం 2023. ఈజిప్టులో డబ్బున్నవాళ్లంతా సముద్రం పక్కన గోడ కట్టుకుని, తుపాకుల కాపలాతో బతుకుతుంటారు. గోడ బయట కోట్లమంది పేదలు. పెట్రోలుకు బదులు కొత్త ఇంధనం రావడంతో చమురు విలువ పడిపోయి ఉంటుంది. లోపల పొద్దుపోని ఒక కుర్రాడు సరదాకు బయటి మనిషిని వేటాడాలని గోడ దాటుతాడు. పట్టుబడబోతుంటే జాబెర్ అనే పేదవాడు దయతలచి దాచిపెడతాడు. పుస్తకాలు చదివే మనిషి. తను కాపాడిన కుర్రాడే అతనికి ద్రోహం చేస్తాడు.

2023 వచ్చింది, పోయింది. ఆ కథ జరగలేదు. కానీ చమురు ధర పడితే ఏమవుతుందో మనం కళ్లారా చూశాం. 2016 వేసవిలో జెడ్డా క్యాంపుల్లో వేలమంది భారతీయ కార్మికులు నెలల తరబడి జీతాలు లేక, తిండికి లేక ఉంటే మన విదేశాంగ సహాయమంత్రి వి.కె.సింగ్ స్వయంగా రావాల్సి వచ్చింది. కథ అంటే గాలిలోనుంచి పుట్టేది కాదు.

సౌదీ రచయితలు కూడా వెనకబడి లేరు. జెడ్డాకు చెందిన ఇబ్రహీం అబ్బాస్, యాసర్ బహ్జత్ కలిసి 2013లో 'హౌజన్' తెచ్చారు. ఒక జిన్ను యువకుడు జెడ్డాలో ఒక అమ్మాయిని ప్రేమించే కథ. కుర్రకారు ఎగబడి కొన్నారు. అదే ఏడాది నవంబరులో, పిల్లలను మంత్రతంత్రాల వైపు తిప్పుతోందన్న ఆరోపణతో పుస్తకాన్ని దుకాణాల్లోంచి తీయించారు. పదేళ్లు తిరిగాయి. 2023 నవంబరు 30న జెడ్డాలో రెడ్ సీ చలనచిత్రోత్సవం మొదలైంది ఆ పుస్తకం మీద తీసిన సినిమాతోనే. దాచిన పుస్తకానికే ఎర్ర తివాచీ పరిచారు.

పిల్లలు చెడిపోతారా?

చాలామంది తల్లిదండ్రుల భయం ఇదే. హౌజన్ మీద వచ్చిన అభ్యంతరం లాంటిదే అమెరికాలో 'ది గివర్' మీద కూడా వచ్చింది. బడి లైబ్రరీల్లోంచి తీసేయమని అక్కడి తల్లిదండ్రులు ఎన్నోసార్లు ఫిర్యాదులు చేశారు. పిల్లల పుస్తకంలో చావు ఏమిటి అని వాళ్ల వాదన.

వాళ్ల భయాన్ని కొట్టిపారేయలేం. హంగర్ గేమ్స్‌లో పిల్లలు పిల్లలను చంపుతారు. ఎనిమిదేళ్లవాడు చదివేది కాదు. ఎంతసేపూ లోకం పాడైపోతుందనే కథలే చదివితే నీరసం వస్తుంది. కాబట్టి వయసు చూడాలి, చదివాక మాట్లాడే మనిషి ఒకరుండాలి.

కానీ ఒకటి గమనించండి. ఈ కథల్లో పిల్లలు ఏడుస్తూ కూర్చోరు. జోనస్ ఊరు దాటతాడు. కాట్నిస్ చెల్లెలి ముందు నిలబడుతుంది. సమ్-80 సుమతి అవుతుంది. 'ఈ రూలు ఎవరు పెట్టారు? ఎందుకు పెట్టారు? మార్చలేమా?' అని అడగడమే ఈ కథలు నేర్పేది. ఆ ప్రశ్న వేయడం వచ్చిన పిల్లవాణ్ణి ఏజెంటు మోసం చేయడం కష్టం. అర్థం కాని భాషలో ఉన్న కాగితం మీద వాడు ఊరికే వేలిముద్ర వేయడు.

రూళ్లు మారతాయా అంటే మారతాయి. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడ రూలు ఉంది. 2021 మార్చి 14 నుంచి కొన్ని షరతులతో, కఫీల్ ఒప్పుకోకపోయినా వేరే కంపెనీకి మారే వీలు ప్రైవేటు కంపెనీల కార్మికులకు వచ్చింది. ఇంటి పనివాళ్లకు, ఇంటి డ్రైవర్లకు అప్పుడు అది వర్తించలేదు. కొంత మారింది, కొంత మారలేదు. అడిగేవాళ్లు ఉంటేనే కదా మారేది.

ఏ వయసుకు ఏది?

పదేళ్ల లోపు: ఇయర్ ఆఫ్ ద జంగిల్. తండ్రి దూరంగా ఉన్న ఏ పిల్లకైనా నచ్చుతుంది. ఇంట్లో ఒకరు పక్కన కూర్చుని తెలుగులో చెబితే మంచిది.

పన్నెండు దాటితే: ది గివర్. చిన్న పుస్తకం, తేలిక ఇంగ్లీషు. ఆదిత్య 369 సినిమా ఇంటిల్లిపాదీ చూడొచ్చు.

పద్నాలుగు దాటితే: హంగర్ గేమ్స్, టైమ్ మెషీన్.

పెద్దవాళ్లయ్యాకే: తౌఫీక్ రాసిన యుటోపియా. ఇందులో మత్తుమందులు, హింస ఎక్కువ.

ఫోనులో అడగండి

2017 సెప్టెంబరులో ఇక్కడ ఇంటర్నెట్ కాల్స్ మీద అడ్డంకి తీసేసిన దగ్గరనుంచి మనకు ఇంటివాళ్ల ముఖం రోజూ కనబడుతోంది. కానీ మాటలు మాత్రం పాత ఉత్తరాల కంటే తక్కువైపోయాయి. 'తిన్నావా? బడికి పోయావా? మార్కులెన్ని?' మూడు ప్రశ్నలు, మూడు జవాబులు. తర్వాత 'అమ్మకు ఇవ్వు'.

ఈ శుక్రవారం ఇంకో ప్రశ్న కలపండి. 'కల్కిలో నీకు ఏ జాగా నచ్చింది బిడ్డా? కాంప్లెక్సా, శంబలా? ఎందుకు?' వాడు చెప్పేది వినండి. పుస్తకం చదువుతుంటే, కథ చెప్పమనండి. మీకు ఇంగ్లీషు రాకపోయినా నష్టం లేదు. కొడుకు కథ చెబుతుంటే తండ్రి వినడం అనేది వాడికి పెద్ద గౌరవం. వాడు 'అక్కడ మనుషులకు నంబర్లుంటాయి డాడీ' అంటే, 'నాకూ ఒకటుంది రా, చెబుతా విను' అని ఇకామా నంబరు చెప్పండి. రూము చూపించండి. మంచం చూపించండి. పక్క మంచం మీద ఉన్న నేపాలీ తమ్ముణ్ణి, బంగ్లా అన్నను పరిచయం చేయండి. వాళ్ల పేర్లు చెప్పండి.

కష్టం మొత్తం ఒక్కరోజే గుమ్మరించమని కాదు. వయసుకు తగ్గట్టు, కొంచెం కొంచెంగా. ఎండ ఎంత ఉంటుంది, ఎందుకు వచ్చాను, ఎంత అప్పు తీరింది, ఇంకెంత ఉంది. పాత సంగతులు తెలియని ఊళ్లో జోనస్ ఎలా ఉన్నాడో, ఇంటి సంగతి తెలియని పిల్లవాడూ అలాగే ఉంటాడు. తెలిసినవాడు బరువు మోస్తాడు, నిజమే. కానీ దారి కూడా వాడే వెతుక్కుంటాడు. నాన్న పోయిన దారే తనకు రాసిపెట్టి ఉందని అనుకోడు. తనకు ఇష్టమైతే వస్తాడు, లేకపోతే ఇంకోటి చేస్తాడు.

మన కథ ఎవరు రాయాలి?

మలయాళీలు ఈ పని మొదలుపెట్టారు. సౌదీ ఎడారిలో చిక్కుకున్న మనిషి కథను బెన్యామిన్ 2008లో 'ఆడుజీవితం' పేరుతో రాస్తే, 2024లో అది సినిమాగా తెలుగులోకి కూడా వచ్చింది. అబుదాబిలో పెరిగిన దీపక్ ఉన్నికృష్ణన్ 2017లో ఇంగ్లీషులో 'టెంపరరీ పీపుల్' రాశాడు. అందులో ఒక కథలో గల్ఫ్ కూలీలను విత్తనాలు వేసి పండిస్తారు. పన్నెండేళ్లు పనిచేస్తారు, తర్వాత అయిపోతారు. నవ్వు వస్తుంది, ఆ వెంటనే గొంతు పట్టేస్తుంది. అవి పెద్దవాళ్ల పుస్తకాలు.

1947 జూలైలో మొదలై అరవై ఏళ్లకు పైగా పిల్లలను పెంచిన మన చందమామ ఇప్పుడు లేదు. ఉంటే గనక, తండ్రి గల్ఫ్‌లో ఉన్న ఒక పిల్లవాడి రేపటి కథ అందులో అచ్చయ్యేదేమో. ఇప్పుడు ఆ కథ రాయగలిగింది మన ఇళ్లలోని పిల్లలే. తెలంగాణలో, రాయలసీమలో, గోదావరి జిల్లాల్లో ఫోనులో తండ్రి ముఖం చూసి పెరుగుతున్న పిల్లలకు తెలిసినంతగా ఈ సంగతి ఇంకే రచయితకూ తెలియదు.

ఈసారి సెలవు మీద ఇంటికి పోయేటప్పుడు సామాను తూకంలో రెండు వందల గ్రాములు పుస్తకానికి వదలండి. ఇంగ్లీషు పుస్తకాలు ఇక్కడ జరీర్ బుక్ స్టోర్లలో అడగండి. తెలుగు పిల్లల పుస్తకాల కోసం సికింద్రాబాద్‌లోని 'మంచి పుస్తకం' వాళ్లను అడగమని ఇంట్లోవాళ్లకు చెప్పండి. పుస్తకంతోపాటు ఒక నోటుబుక్కు, ఒక పెన్ను కూడా పెట్టండి. వచ్చే శుక్రవారం ఫోను చేసినప్పుడు మార్కులు అడిగే ముందు, ఏం రాశావు అని అడగండి.